పాట ఉంది, బొమ్మ లేదు

'ఇన్సిడియస్' చూసినవాళ్లకి ఆ పాట గుర్తుండే ఉంటుంది. పాత రికార్డు తిరుగుతుంటుంది, వణుకుతున్న సన్నటి గొంతుతో ఎవరో పాడుతుంటారు, మన వీపు మీద చెమట పడుతుంది. 'టిప్‌టో త్రూ ద ట్యులిప్స్'. 2010లో వచ్చిన ఆ హారర్ సినిమా పుణ్యమా అని మన తరానికి అది దెయ్యం పాట. పాపం, అసలు అది లవ్ సాంగ్. ట్యులిప్ పూల మధ్య పిల్లాడూ పిల్లా కలుసుకునే పాట. ఆ సినిమాలో మనం విన్నది టైనీ టిమ్ 1968లో పాడిన వెర్షన్. అంతకు 39 ఏళ్ల ముందు, 1929లో, నిక్ లూకస్ అనే గిటారిస్టు వార్నర్ బ్రదర్స్ తీసిన 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్‌వే'లో దీన్ని పాడాడు.

అదో పెద్ద మ్యూజికల్. సినిమా మొత్తం కలర్‌లో తీశారు. 1929లో కలర్! మన దేశంలో అప్పటికి టాకీ కూడా రాలేదు. అమెరికాలో జనం ఎగబడి చూశారు. ఆ సినిమా ఇప్పుడు చూద్దామంటే కుదరదు. శబ్దం మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా ఉంది. బొమ్మ మాత్రం చివరి రెండు రీళ్లు, ఇంకొన్ని తునకలు మిగిలాయి. మిగతాదంతా పోయింది.

సినిమా పోతే మొత్తం పోతుంది, ఉంటే మొత్తం ఉంటుంది అనుకుంటాం కదా. మాటలూ పాటలూ ఉండి మనుషులు మాత్రం మాయమవడం ఏంటి? ఈ ప్రశ్న పట్టుకుని నేను దాదాపు నాలుగు నెలలుగా రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకుంటున్నా. నా ఉద్యోగం వీడియో ప్లేయర్లకి సంబంధించింది. ఆడియో, వీడియో విడిపోవడం అంటే నాకు రోజూ ఉండే తలనొప్పి. అందుకే ఈ కథ అంతగా పట్టేసింది.

విషయం ఏంటంటే, ఆ తొలి రోజుల్లో వార్నర్ బ్రదర్స్ సినిమాల శబ్దం ఫిల్ము మీద ఉండేదే కాదు. వైటాఫోన్ అనే పద్ధతి. బొమ్మ రీలు మీద, శబ్దం విడిగా ఒక పెద్ద గ్రామఫోన్ రికార్డు మీద. 16 అంగుళాల రికార్డు, అంటే లార్జ్ పిజ్జా కన్నా పెద్దది. నిమిషానికి 33⅓ చుట్లు. ముల్లు మామూలు రికార్డుల్లోలా బయటి అంచు నుంచి కాకుండా లోపలి నుంచి బయటికి నడిచేది. 1,000 అడుగుల రీలుకి ఒక రికార్డు, సుమారు 11 నిమిషాలు. థియేటర్ క్యాబిన్‌లో ఆపరేటర్ రీలు మీదున్న స్టార్ట్ గుర్తునీ, రికార్డు మీదున్న బాణం గుర్తునీ సరిగ్గా కలిపి మోటార్ ఆన్ చేయాలి. ఒక్కో రికార్డు 20 సార్లు వేశాక పక్కన పెట్టేయాలి. ఎన్నిసార్లు వేశారో టిక్ కొట్టడానికి లేబుల్ మీదే గళ్లు ఉండేవి. 1927 అక్టోబర్ 6న విడుదలైన 'ది జాజ్ సింగర్' ఈ పద్ధతిలోనే పాడింది.

ఇక ఫిల్ము తెగిందనుకోండి. తెగిన చోట రెండు ముక్కల్ని అతికిస్తే కొన్ని ఫ్రేములు పోతాయి. రికార్డుకి ఆ సంగతి తెలీదు, దాని పాటికది తిరుగుతూ ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి పసిగట్టేస్తాడని మా రంగంలో వాడే అంతర్జాతీయ ప్రమాణం చెప్తుంది. అంటే మూడంటే మూడు ఫ్రేములు పోతే చాలు, హీరోయిన్ పెదాలు ముందు, పాట వెనక. అందుకే ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్కపెట్టి అన్ని నల్ల ఫ్రేములు మళ్లీ అతికించేవాళ్లు. 'సింగింగ్ ఇన్ ద రెయిన్' చూశారా? 1952 సినిమా. అందులో ప్రివ్యూ షోలో మాటలు ఒకరివి, నోరు ఇంకొకరిదీ అయిపోయి జనం పడీపడీ నవ్వే సీన్ ఉంటుంది. ఈ తంటాల మీదే ఆ జోకు. అన్నట్టు ఆ టైటిల్ పాట కూడా ఆ సినిమా కోసం పుట్టింది కాదు. ఎంజీఎం తీసిన 'ది హాలీవుడ్ రెవ్యూ ఆఫ్ 1929'లోది. మనం క్లాసిక్ అనుకునేదే అప్పటికి రీమిక్స్.

ఈ రెండు ముక్కల పద్ధతి వల్లే తర్వాత అంత అనర్థం జరిగింది. కొంత మేలూ దాని వల్లే జరిగింది.

ఫిల్ము అప్పట్లో నైట్రేట్. అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటుంది. తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగురై, చివరికి పొడైపోతుంది. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ గోడౌన్ తగలబడి ఆ సంస్థ మూకీ సినిమాలు గంపగుత్తగా పోయాయి. రికార్డు అలా కాదు. కింద పడితే పగులుతుంది కానీ వదిలేస్తే అలాగే ఉంటుంది. స్టూడియోలు పట్టించుకోకపోయినా ఎవరి అటక మీదో, మూతపడ్డ థియేటర్ మూలనో ఆ 16 అంగుళాల రికార్డులు మిగిలిపోయాయి. మామూలు గ్రామఫోన్ మీద అవి పట్టవు కాబట్టి ఎవరూ వాయించి అరగదీయలేదు కూడా.

వీటి కోసం వెతికినవాళ్లు అభిమానులే. 1991లో రాన్ హచిన్సన్ అనే అమెరికన్ ఇంకొందరు పాత రికార్డుల పిచ్చివాళ్లతో కలిసి వైటాఫోన్ ప్రాజెక్ట్ అని మొదలుపెట్టాడు. ఆలోచన చాలా సింపుల్. బొమ్మలు ఆర్కైవ్‌లలో మూగగా పడున్నాయి. శబ్దాలు జనం ఇళ్లల్లో గుడ్డిగా పడున్నాయి. రెండింటికీ జాబితాలు వేసి జతకలపడం. నేను చేసే పని భాషలో చెప్పాలంటే రెండు టేబుల్స్ తీసుకుని జాయిన్ కొట్టడం. కాకపోతే ఒక టేబుల్ అమెరికాలోని బేస్‌మెంట్లలో చెల్లాచెదురుగా ఉంది. వేల రికార్డులు బయటికొచ్చాయి. యూసీఎల్ఏ ఆర్కైవ్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, వార్నర్ బ్రదర్స్ వీళ్లతో కలిసి పనిచేశాయి. నాటకాల స్టేజీల మీద పాడుతూ ఆడుతూ జోకులేసే కళాకారుల చిన్న చిన్న ఫిల్ములు, దశాబ్దాలుగా మూగవైనవి, మళ్లీ మాట్లాడాయి. 2011లో వార్నర్ ఆర్కైవ్ అలాంటివి 60 ఒకే సెట్‌గా డీవీడీ తెచ్చింది.

'వై బీ గుడ్?' అని 1929 సినిమా ఒకటుంది, కొలీన్ మూర్ హీరోయిన్. మాటలుండవు, సంగీతం మాత్రం రికార్డు మీద ఉంటుంది కాబట్టి పూర్తి మ్యూజికల్ అనలేం. కానీ వీళ్ల పనితనానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. రికార్డులు అమెరికాలో ఉన్నాయి. బొమ్మ ఎక్కడా లేదనుకున్నారు. అది ఇటలీలో ఒక ఆర్కైవ్‌లో దొరికింది. 2014లో రెండూ కలిసి మళ్లీ తెర మీదికొచ్చాయి. హచిన్సన్ 2019లో చనిపోయాడు. వెతుకులాట ఆగలేదు.

ఇంతవరకూ శబ్దం సంగతి. ఇంకో నష్టం ఉంది, అది నాకు ఇంకా ఎక్కువ బాధనిపిస్తుంది. రంగు.

'ఆన్ విత్ ద షో!' 1929లో వచ్చింది. మొత్తం మాటలతో, మొత్తం కలర్‌లో వచ్చిన మొట్టమొదటి పూర్తి నిడివి సినిమా అదే. ఇందులో ఎథెల్ వాటర్స్ ఉంది. ఆ కాలంలో నల్లజాతి గాయనికి హాలీవుడ్ తెర మీద చోటు దొరకడమే గగనం. ఆవిడ వచ్చి, నిలబడి 'యామ్ ఐ బ్లూ?' పాడుతుంది. సినిమా పూర్తిగా ఉంది, పాటా ఉంది. కానీ బ్లాక్ అండ్ వైట్‌లో. కలర్ ప్రింట్లు పోయాయి. కొన్ని సెకన్ల కలర్ ముక్క ఒకటి మాత్రం దొరికింది. తర్వాతి కాలంలో టీవీల కోసమని వేసిన బ్లాక్ అండ్ వైట్ కాపీలే ఇలాంటి చాలా సినిమాలకి దిక్కయ్యాయి. 'ది బ్రాడ్‌వే మెలొడీ' ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న తొలి టాకీ. దాన్ని కూడా వదల్లేదు. అందులో ఒక పాటని కలర్‌లో తీశారు, ఇప్పుడు దొరికేది నలుపూ తెలుపే.

పట్టించుకోకపోవడానికి ఒక కారణం ఉంది. 1929లో టాకీ రాగానే స్టూడియోలన్నీ మ్యూజికల్స్ మీద పడ్డాయి. ప్రతివాడూ పాడటమే. ఏడాదిన్నర తిరక్కుండానే జనానికి మొహం మొత్తింది. 1930 చివరికొచ్చేసరికి పాటలున్నాయంటేనే టికెట్ తెగని పరిస్థితి. మన థియేటర్లలో రెండో వారం పాట లేపేస్తారు చూడండి, అక్కడ ఏకంగా విడుదలకి ముందే పాటలు కత్తిరించారు. కోల్ పోర్టర్ పాటలతో పేరొచ్చిన 'ఫిఫ్టీ మిలియన్ ఫ్రెంచ్‌మెన్' నాటకాన్ని 1931లో సినిమాగా వదిలినప్పుడు అందులో పాటలే లేవు! 1933లో 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' హిట్ అయ్యాకగానీ మ్యూజికల్స్‌కి మళ్లీ రోజులు రాలేదు. దాంతో ఆ ముందు వచ్చినవన్నీ 'పాతబడిన సరుకు' అయిపోయాయి. పాత సరుకుని ఎవరు భద్రం చేస్తారు?

ఇక అసలు తగువు దగ్గరికొద్దాం. పోయిన సినిమాల గురించి ఏడవడం తేలిక. ఉన్న సినిమాలు చూడనివ్వకపోవడమే అభిమానుల్ని ఎక్కువ తినేస్తోంది.

ఆర్కైవ్‌లో సినిమా భద్రంగా ఉండటానికీ, మీ ఫోన్‌లో ప్లే అవడానికీ మధ్య పెద్ద అగాధం ఉంది. స్కాన్ చేయాలి, మచ్చలు తీయాలి, శబ్దం జతచేయాలి, పాటల హక్కులు చూసుకోవాలి. ఇంతా చేస్తే కొనేది కొద్దిమంది. 2009 మార్చిలో వార్నర్ ఒక దారి కనిపెట్టింది. వేలల్లో డిస్కులు అచ్చేసి గోడౌన్‌లో పెట్టకుండా, ఆర్డరొస్తేనే డిస్కు తయారుచేసి పంపడం. 150 సినిమాలతో మొదలైన వార్నర్ ఆర్కైవ్ వల్ల, ఇంకెప్పుడూ రావనుకున్న తొలి టాకీలు చాలా బయటపడ్డాయి. ఏది కావాలో అభిమానులు అడుగుతూ ఉండటం, వాళ్లు వినడం, ఇలా నడిచింది. మన దగ్గర 2022 ఆగస్టులో 'పోకిరి' 4కే రీరిలీజ్ గుర్తుందా? అదీ అభిమానుల గోలే. కాకపోతే 'పోకిరి'కి అప్పటికి 16 ఏళ్లు. వీళ్లు అడుగుతున్నవాటికి 95.

పారామౌంట్ సినిమాల కథ వేరు. ఆ కంపెనీ తన పాత సినిమాలు, దాదాపు 700, 1958లో ఎంసీఏకి అమ్మేసింది. ఎంసీఏ తర్వాత యూనివర్సల్‌ని కొనేసింది. అందుకని పారామౌంట్ గుర్తుతో మొదలయ్యే తొలి మ్యూజికల్స్ ఇప్పుడు యూనివర్సల్ చేతిలో ఉన్నాయి. తమ పేరు లేని సరుకు మీద ఏ కంపెనీకైనా ఎంత ప్రేముంటుందో ఊహించుకోండి. లూబిచ్ తీసిన 'ది లవ్ పరేడ్'తో పాటు ఆయనవే మరో మూడు మ్యూజికల్స్ 2008లో క్రైటీరియన్ సెట్‌గా వచ్చాయి, అది అదృష్టం. మమూలియన్ తీసిన 'లవ్ మీ టునైట్' (1932) నా దృష్టిలో ఈ మొత్తం గుంపులో బెస్ట్. ఒక దర్జీ పాడిన పాట ట్యాక్సీలోకి, రైల్లోకి, సైనికుల నోట్లోకి, జిప్సీల ఫిడేలు మీదికి పాకుతూ కోటలో ఉన్న రాకుమారి చెవిన పడుతుంది. ఎడిటింగ్ ఇప్పటికీ ఫ్రెష్. దాన్ని కూడా సెన్సార్ నిబంధనల కోసం తర్వాత కత్తిరించారు. మిర్నా లాయ్ పల్చటి నైట్‌గౌన్‌లో 'మిమి' పాట అందుకునే ముక్క అందులో పోయింది. ఇప్పటికీ దొరకలేదు.

యూనివర్సల్ మంచిపని ఒకటి చేసింది. 'కింగ్ ఆఫ్ జాజ్' (1930). బ్యాండ్ లీడర్ పాల్ వైట్‌మన్ పేరు మీద, ఆ రోజుల్లో దాదాపు 20 లక్షల డాలర్లు పోసి తీసి, నష్టపోయిన సినిమా. కథ లేదు, పాట తర్వాత పాట. 1933లో కుదించి మళ్లీ వదిలారు, దాంతో అసలు రూపం చెదిరిపోయింది. 2016లో యూనివర్సల్ దాన్ని ముక్కముక్కా ఏరి అతికించింది, 2018లో క్రైటీరియన్ బ్లూరే తెచ్చింది. బొమ్మ దొరకని చోట శబ్దం నడుస్తుంటే ఫొటోలు పెట్టారు. నిజాయితీగా అనిపించింది నాకు. అప్పటి టెక్నికలర్‌లో ఎరుపూ ఆకుపచ్చే ఉండేవి, నీలం పలికేది కాదు. అయినా వీళ్లు తీసుకున్న పెద్ద ఐటమ్ 'రాప్సడీ ఇన్ బ్లూ'! నీలం రాని టెక్నాలజీతో నీలం పాట. సెట్లూ బట్టలూ రకరకాలుగా ప్రయత్నించి ఒక సముద్రపు పచ్చ దగ్గరికి తెచ్చారు. ఉడీ ఉడ్‌పెకర్ సృష్టికర్త వాల్టర్ లాంట్జ్ చేసిన కార్టూన్ ముక్క ఇందులో ఉంది. బింగ్ క్రాస్బీ తొలిసారి తెర మీద కనిపించిందీ ఇందులోనే. తాగి కారు గుద్ది జైల్లో పడటంతో సోలో పాట చేజారింది కానీ. ఇంకో ముచ్చట: దీన్ని వేరే భాషల్లో విడుదల చేసినప్పుడు హంగేరియన్ వెర్షన్‌కి యాంకర్ ఎవరో తెలుసా? డ్రాక్యులా బేలా లుగోసీ.

ఈ సినిమా చరిత్ర మీద జేమ్స్ లేటన్, డేవిడ్ పియర్స్ రాసిన పుస్తకం 2016లో అభిమానుల క్రౌడ్‌ఫండింగ్‌తో వచ్చింది. ఫెయిలైన సినిమా మీద 86 ఏళ్ల తర్వాత జనం జేబులోంచి డబ్బు తీసి పుస్తకం వేయించుకున్నారు.

మరి కాపీరైట్ పోయాక అందరికీ దొరుకుతాయి కదా అంటారా? నేనూ ముందు అదే ఆశపడ్డా. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లు నిండితే పబ్లిక్ డొమైన్. 1929 సినిమాలు 2025 జనవరి 1న, 1930 సినిమాలు 2026 జనవరి 1న అలా బయటికొచ్చాయి. కానీ హక్కు రావడం వేరు, కాపీ చేతికి రావడం వేరు. సోర్స్ కోడ్‌కి లైసెన్స్ ఫ్రీ అన్నారు, సర్వర్ మాత్రం తాళం వేసిన గదిలో ఉంది. చట్టం ఆ తాళం తీయమని ఎవర్నీ అడగదు. కాబట్టి యూట్యూబ్‌లో మసకమసకగా ఏదో దొరుకుతుంది, మంచి ప్రింటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే జనం న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే చిన్న ఊళ్లో క్యాపిటల్‌ఫెస్ట్‌కీ, హాలీవుడ్‌లో సినీకాన్‌కీ ప్రయాణాలు కట్టుకుని వెళ్తారు. డిస్కు మీద లేనివి అక్కడ థియేటర్లో ఒక్క షో వేస్తారు. తప్పితే తప్పినట్టే.

స్టూడియోలు వెనకాడటానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. ఈ సినిమాల్లో జాతి అవమానం బోలెడు. 'ది జాజ్ సింగర్'లో ఆల్ జోల్సన్ ముఖానికి నల్లరంగు పూసుకుని పాడతాడు. 'వూపీ!'లో ఎడ్డీ కాంటర్ కూడా అంతే. 'కింగ్ ఆఫ్ జాజ్' అయితే మరీ ఘోరం. జాజ్ ఎలా పుట్టిందో చూపిస్తామని చివర్లో యూరప్ దేశాలన్నిటినీ ఒక పెద్ద పాత్రలో కలుపుతారు, జాజ్‌ని పుట్టించిన నల్లజాతివాళ్లు ఆ పాత్రలో లేరు. చూస్తుంటే ఒళ్లు మండుతుంది. అయినా అటక మీద దాచేయడం నాకు సరైన జవాబుగా కనిపించదు. ముందు ఒక వివరణ పెట్టి, కత్తిరించకుండా ఇవ్వండి. దాచేస్తే జోల్సన్ రంగు పూసుకున్న సంగతితో పాటు ఎథెల్ వాటర్స్ పాడిన సంగతి కూడా పోతుంది.

ఇదంతా చదివి 'మనకెందుకు' అనిపిస్తే, ఒక చుట్టరికం చెప్తా. ఆర్దేషిర్ ఇరానీ బొంబాయిలో యూనివర్సల్ వాళ్ల 'షో బోట్' చూసి, కొంచెం మాటలూ పాటలూ ఉన్న ఆ సినిమా వల్లే, మన దగ్గరా టాకీ తీయాలనుకున్నాడు. 1931 మార్చి 14న 'ఆలం ఆరా' వచ్చింది, ఏడు పాటలతో. మరుసటి ఏడాది ఫిబ్రవరి 6న అదే ఇరానీ నిర్మాణంలో హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది, లీలావతిగా సురభి కమలాబాయి. రెండూ లేవు. 'ఆలం ఆరా'ని శబ్దం, బొమ్మ ఒకే ఫిల్ము మీద పట్టే పద్ధతిలో తీశారు. టెక్నాలజీగా అదే మెరుగు. కానీ ఒకే ఫైలు, బ్యాకప్ లేదు. పోయినప్పుడు రెండూ కలిసే పోయాయి. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పెట్టారు, అప్పటికే ఆలస్యం. కమలాబాయి ఆ సినిమాలో ఎలా పాడిందో వినడానికి మనకి పగిలిన రికార్డు ముక్క కూడా లేదు. 'గోల్డ్ డిగ్గర్స్' అభిమానుల చేతిలో కనీసం సగం ఉంది. నిజం చెప్పాలంటే నాకు వాళ్లని చూస్తే అసూయ.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా ఆర్డరు: ముందు 'లవ్ మీ టునైట్', తర్వాత 'కింగ్ ఆఫ్ జాజ్'. ఆ రెండూ నచ్చితే 'ది జాజ్ సింగర్' 2007 మూడు డిస్కుల సెట్ ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి. అందులో ఎక్స్‌ట్రాల్లో 'గోల్డ్ డిగ్గర్స్' నుంచి ట్యులిప్స్ పాట, ఫైనల్ డాన్స్ ఉన్నాయి. 'ఇన్సిడియస్' దెయ్యాన్ని కాసేపు మర్చిపోయి చూడండి. గులాబీ, లేత ఆకుపచ్చ రంగుల్లో పూలే లేచి డాన్స్ చేస్తుంటాయి. ఫైనల్‌లో స్టేజీ నిండా జనం, గంతులు, హడావుడి. ఆ ఆఖరి రీలు ముగింపుకి ఒక నిమిషం ముందే ఆగిపోతుంది. రికార్డు మీద ఆ నిమిషం కూడా ఉంది.